నెలకు 45 వేలన్న ప్రకటనలో చేతికొచ్చేది ఎంత?

లారీ డ్రైవర్ కొలువుల మీద ఈమధ్య ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఆగకుండా వస్తున్నాయి. కొందరైతే ప్రకటన ఫొటో పంపి ‘ఇది నమ్మొచ్చా?’ అని ఒక్క మాట అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఏళ్ల తరబడి ట్రిప్ షీట్లు రాసినవాణ్ని కాబట్టి జవాబుల్లో లెక్కలు కొంచెం ఎక్కువే ఉంటాయి. ఓపికగా చదవండి, ఇది మీ ఇంటి పైసల సంగతి.

ప్రశ్న: మా ఆయన ఇక్కడే ఒక రైస్ మిల్లులో లారీ నడుపుతాడు. జీతం 20 వేలు. పొద్దున తొమ్మిదికి పోతే ఆరు దాటాక ఇంటికొస్తాడు. మొన్న వాట్సాప్‌లో ‘హెవీ డ్రైవర్లు అర్జెంటుగా కావలెను, నెలకు 45,000 వరకు సంపాదన, తిండి, బస ఫ్రీ, ఈరోజే జాయిన్ అవ్వండి’ అని వచ్చింది. ఫోన్ చేస్తే ‘మా దగ్గర అందరూ అంతే తీసుకుంటున్నారు’ అన్నారు. పిల్లల ఫీజులున్నాయి, మిత్తికి తెచ్చిన అప్పుంది. పొమ్మంటారా? (పాఠకురాలు, పరకాల)

జవాబు: అమ్మా, ఉన్న పని ఇప్పుడే మానిపించొద్దు. ముందు అదే నంబర్‌కు మీ ఆయనతో ఇంకోసారి ఫోన్ చేయించి, ఆ 45 వేలు ఎట్లా అవుతాయో విడగొట్టి చెప్పమని అడిగించండి. ఫిక్స్‌డ్ జీతం ఎంత, ట్రిప్పుకు ఎంత, రోజు బత్తా ఎంత, నెలకు ఎన్ని ట్రిప్పులు లెక్కేశారు? ఈ నాలుగూ చెప్పలేకపోతే ఆ అంకె వెనక ఏమీ లేదని అర్థం. ఇట్లాంటి ప్రకటనలు చాలావరకు ఏజెంట్లు పెడతారు, మనిషికి ఇంత అని కమిషన్ తీసుకుంటారు, డ్రైవర్ బండెక్కాక జీతం ఎంత పడిందో వాళ్లకు పట్టదు.

సరే, చెప్పారనుకుందాం. ఉదాహరణకు జీతం 15,000, ట్రిప్పుకు 2,500 చొప్పున ఎనిమిది ట్రిప్పులకు 20,000, బత్తా రోజుకు 400 చొప్పున 25 రోజులకు 10,000. కూడితే సరిగ్గా 45,000 వస్తుంది. కూడికలో తప్పు లేదు గానీ ఇంటికొచ్చే పైసలు ఇవి కావు. బత్తా అనేది డ్రైవర్ రోడ్డు మీద బతకడానికి ఇచ్చేది. పొద్దున టిఫిన్, రెండు పూటలా భోజనం, నిద్ర ఆపుకోవడానికి తాగే చాయ్‌లు, బండి ఆపుకున్న చోట స్నానానికి, పార్కింగ్‌కు ఇచ్చేది, వీటికి 400 చాలవు కూడా. దాన్ని జీతంలో కలిపి చూపించడం నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇంట్లో భార్య ఆ పదివేలు కూడా వస్తాయనుకుని చీటీ ఎత్తుతుంది, ఫీజు కడతానని స్కూల్లో మాట ఇస్తుంది. పైగా అదే ప్రకటనలో ‘తిండి ఫ్రీ’ అని ఇంకో లైను. అంటే ఒకే బత్తాను రెండుసార్లు అమ్ముతున్నారన్నమాట.

ఇక ఎనిమిది ట్రిప్పుల సంగతి. వరంగల్ నుంచి చెన్నై అంటే ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు. లోడుతో పోవడానికి ఒకటిన్నర రోజు, అక్కడ అన్‌లోడింగ్‌కు సీరియల్, తర్వాత రిటర్న్ లోడు దొరికేదాకా ఎదురుచూపు, ఆదివారం వచ్చిందంటే ఒక రోజు గల్లంతు. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కిరాయిలు బాగానే ఉంటాయి, ఆ నెలల్లో ఎనిమిది ట్రిప్పులు కొట్టిన డ్రైవర్ ఉండొచ్చు కూడా. ప్రకటనలో వేసేది ఆ ఒక్క డ్రైవర్‌కు ఆ ఒక్క నెలలో పడిన మొత్తం. మీ ఆయన మిల్లు బండి నడుపుతాడు కాబట్టి గోదాం ముందు లైనంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు, సీజన్లో లారీలు రోజుల తరబడి కదలవు. ట్రిప్పు లెక్కన జీతమైతే ఆ నిలబడ్డ రోజులకు ఒక్క రూపాయి రాదు, బండి వదిలి ఇంటికి రావడానికీ ఉండదు. కాబట్టి ‘హాల్టింగ్ (బండి నిలబడ్డ రోజులకిచ్చే పైసలు) ఇస్తారా, ఎన్ని గంటల తర్వాత నుంచి, రోజుకు ఎంత’ అని తప్పకుండా అడగాలి.

కోతల గురించి ప్రకటనలో ఎవరూ రాయరు. ట్రిప్ షీట్ పైభాగంలో లోడింగ్ తేదీ, కాటా బరువు, టోల్ అన్నీ శుభ్రంగా ఉంటాయి, అసలు కథ కింద నాలుగు గీతల్లో ఉంటుంది: అడ్వాన్స్, షార్టేజి (దింపేటప్పుడు తగ్గిన సరుకు), డ్యామేజి, డీజిల్ ఎక్కువ. ఆ చివరిది చూడండి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు రావాలని కంపెనీ పెట్టిందనుకుందాం. రానూపోనూ 1,300 కిలోమీటర్లకు 325 లీటర్లు. బండి పాతదయ్యో, లోడు ఎక్కువయ్యో, ట్రాఫిక్‌లో ఇరుక్కునో యావరేజ్ 3.6కు పడితే 361 లీటర్లు తాగుతుంది. 36 లీటర్లు ఎక్కువ, లీటరు 95 రూపాయలు వేసుకున్నా 3,420. ఆ ట్రిప్పుకు డ్రైవర్‌కు ఇస్తానన్నదేమో 2,500. అంటే అన్ని రాత్రులు నిద్ర కాచి బండి నడిపినందుకు ఆయనే 920 రూపాయలు ఎదురు బాకీ పడ్డాడు. ఇట్లాంటి షీట్లు నా చేత్తో రాసినవే ఉన్నాయి. యావరేజ్ ఎంత పెట్టారు, తగ్గితే ఎవరు భరిస్తారు అన్నది జీతమంత ముఖ్యమైన ప్రశ్న.

ఇప్పుడు ఒక మామూలు నెల చూద్దాం. జీతం 15,000, ఐదు ట్రిప్పులకు 12,500, కోతలు తక్కువలో తక్కువ 1,500. చేతికి 26,000. నెలకు 26 రోజులు, డ్రైవింగూ నిలబడటమూ కలిపి రోజుకు 14 గంటలు వేసుకుంటే 364 గంటలు, గంటకు 71 రూపాయలు పడుతుంది. మిల్లు పనిలో రోజుకు తొమ్మిది గంటల చొప్పున 234 గంటలకు 20,000, అంటే గంటకు 85. ఇంటి తిండి, ఇంట్లో నిద్ర ఉన్న పనిలోనే గంటకు ఎక్కువ పడుతోంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అప్పట్లోనే డ్రైవర్‌కు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పెట్టింది ఊరికే కాదు, నిద్రలేని మనిషి చేతిలో అన్ని టన్నుల బండి ఉంటే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి.

అయినా అప్పు ఒత్తిడిలో నెలకు ఆరువేలు ఎక్కువొచ్చినా చాలు అనుకుంటే అది మీ ఇద్దరి నిర్ణయం, నేను కాదనను. ఆ నిర్ణయం 20కీ 26కీ మధ్య చేయండి, 20కీ 45కీ మధ్య కాదు. ఇంకో మాట, ఇదే లెక్క పట్టుకుని మిల్లు ఓనర్‌ను రెండు మూడు వేలు పెంచమని అడగండి, సీజన్ ముందు నమ్మకమైన డ్రైవర్‌ను వదులుకోవడం ఏ ఓనర్‌కూ ఇష్టం ఉండదు.

పోవాలనే అనుకుంటే మాత్రం ఆ కంపెనీ బండ్లు ఎక్కడ ఆగుతాయో కనుక్కుని, ఆఫీసువాళ్లు మాట్లాడించే మనిషితో కాకుండా దాబా దగ్గర దొరికిన ఇద్దరు డ్రైవర్లతో మాట్లాడమనండి. ‘ఎంతొస్తుంది’ అని అడిగితే ఎవరైనా గొప్ప కోసం పెంచి చెబుతారు, ‘అన్నా, పోయిన మూడు నెలలు బ్యాంకులో ఎంత పడిందో చూపిస్తావా’ అని అడగాలి. అందులో ఒకటి వానాకాలం నెల అయితే ఇంకా మంచిది.

ప్రశ్న: సార్, ఒక పార్శిల్ కంపెనీలో సీటీసీ 26,000 అంటున్నారు. చేతికి పాతిక వేలైనా రావా? (డిగ్రీ ఆపేసిన యువకుడు, జమ్మికుంట)

జవాబు: రావు తమ్ముడూ. సీటీసీ అంటే కంపెనీకి నీ మీద అయ్యే మొత్తం ఖర్చు. అందులో 4,000 ఇన్సెంటివ్ అని రాస్తే అది టార్గెట్ కొడితేనే. బేసిక్ 15,000 అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద ఏడు వందల పైన, కంపెనీ వాటా ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) ఆరు వందలు దాకా, ఇవన్నీ ఆ 26,000లోనే ఉంటాయి. మిగిలిన దాంట్లోంచి మళ్లీ నీ వాటా పీఎఫ్ 1,800, కొంచెం ఈఎస్ఐ, వృత్తి పన్ను పోతాయి. ఇన్సెంటివ్ రాని నెల చేతికి 17 వేల లోపే. పీఎఫ్, ఈఎస్ఐ ఉండటం మంచిదే, బండి నడిపేవాడికి ఈఎస్ఐ చాలా అవసరం, దాన్ని చూసి పారిపోవద్దు. ‘ఇన్సెంటివ్ లేకుండా నా అకౌంట్‌లో ఎంత పడుతుంది’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు మెసేజ్‌లో రాయించుకో. జాయినింగ్ బోనస్ అన్నారంటే, ఎన్ని నెలల్లోపు మానేస్తే వెనక్కి కట్టాలో కూడా అడుగు.

ప్రశ్న: మా చిన్నోడికి సౌదీలో ట్రైలర్ డ్రైవర్ పని, నెలకు 2,500 రియాల్లు అని ఏజెంట్ చెప్పాడు. వీసాకు 1,20,000 అడుగుతున్నాడు. పొలం కుదువ పెట్టాలనుకుంటున్నా. (రైతు, మెట్‌పల్లి)

జవాబు: పెద్దాయనా, పొలం కాగితాలు బీరువాలోంచి తీయకండి, ముందు ఇది చదవండి.

రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీస్ చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 మించి తీసుకోకూడదు. 1,20,000 అడుగుతున్నాడంటే అక్కడే ఆగాలి. అతని లైసెన్స్ నంబర్ ఏంటో అడిగి, కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడమని మీ అబ్బాయికి చెప్పండి. ప్రకటన మీదే ఆ నంబర్ ఉండాలి. ‘నేను హైదరాబాద్ ఆఫీసుకు సబ్ ఏజెంట్‌ను’ అని చెప్పేవాళ్లు జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్ల చేతికి పైసలిచ్చి రసీదు లేకుండా తిరిగే కుటుంబాలను చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

రెండోది 2,500. అది బేసిక్కా, ఓవర్‌టైం కలిపా? కాంట్రాక్టులో బేసిక్ 1,500 అని ఉంటే మిగతా వెయ్యి ఓవర్‌టైంతో రావాలి. నెలకు 240 గంటల లెక్కన గంటకు 6.25 రియాల్లు, ఓవర్‌టైంకు దానికి ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 9.4. వెయ్యి రావాలంటే నెలకు 107 గంటలు ఎక్కువ చేయాలి. 26 రోజులకు పంచితే రోజూ 8 గంటల మీద ఇంకో నాలుగు గంటలు. ఆ ఎడారి ఎండలో, నెల నెలా. కంపెనీలో అంత ఓవర్‌టైం లేకపోతే చేతికొచ్చేది 1,500 మాత్రమే, అప్పు మిత్తి మాత్రం ఆగదు.

మూడోది వీసా. ట్రైలర్ అని చెప్పి హౌస్ డ్రైవర్ వీసా మీద పంపడం పాత మోసం. హౌస్ డ్రైవర్ ఇంటి పనివాళ్ల కేటగిరీలోకి వస్తాడు, కంపెనీ కార్మికులకున్న పని గంటలు, ఓవర్‌టైం నిబంధనలు అతనికి అట్లాగే వర్తించవు. వీసా మీద వృత్తి ఏం రాసుందో చదివించండి. విజిట్ వీసా మీద పోయి మార్చుకోవచ్చంటే అసలే ఒప్పుకోవద్దు. అక్కడ బండెక్కాలంటే అక్కడి లైసెన్స్ కావాలి, దాని ఖర్చు ఎవరిది, లైసెన్స్ వచ్చేదాకా జీతం ఇస్తారా అన్నది కూడా కాంట్రాక్టులో ఉండాలి. ఈ-మైగ్రేట్ ద్వారా పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల బీమా ఉంటుంది, ప్రీమియం కొన్ని వందల రూపాయలే, అది చేయించే పంపండి. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది, అక్కడ కూడా ఒకసారి అబ్బాయి పేరు రాయించండి.

ప్రశ్న: అమెరికాలో ట్రక్కు డ్రైవర్‌కు వారానికి పదివేల డాలర్లని వీడియోల్లో చూస్తున్నా. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వీసా ఇప్పిస్తామంటోంది. నిజమేనా? (హన్మకొండ)

జవాబు: ఆ పదివేలు ఎక్కువగా సొంత ట్రక్కు ఉన్నవాళ్లకు వచ్చే మొత్తం కిరాయి. డీజిల్, ట్రక్కు కిస్తీ, ఇన్సూరెన్స్, రిపేర్లు, టైర్లు అందులోంచే పోవాలి. జీతానికి నడిపేవాళ్లలో చాలామందికి అక్కడ మైలుకు ఇన్ని సెంట్లని ఇస్తారు, చక్రం తిరగని సమయానికి పైసలు తక్కువ లేదా ఉండవు, నిబంధనల ప్రకారం రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు కూడా. ఇక వీసా అంటారా, కమర్షియల్ ట్రక్కు డ్రైవర్లకు వర్క్ వీసాలు ఆపేస్తున్నామని అమెరికా ప్రభుత్వం 2025 ఆగస్టు 21న ప్రకటించింది. అందుకని ఆ కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కింద ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

ప్రశ్న: ఇసుక టిప్పర్‌కు నెలకు 30,000 గ్యారంటీ అని ప్రకటన చూసి చేరాను. రెండో నెల 17,000 ఇచ్చి, ఇసుక తవ్వే రీచ్ బందైంది, అద్దం పగిలింది అని చెప్పారు. మానేస్తానంటే లైసెన్స్ ఇవ్వడం లేదు. (భూపాలపల్లి)

జవాబు: లైసెన్స్ నీది, దాన్ని ఆపుకునే హక్కు ఏ ఓనర్‌కూ లేదు. డిజీలాకర్ కాపీ తీసి ఫోన్‌లో పెట్టుకో, చెకింగ్‌లో అది చెల్లుతుంది. ఒరిజినల్ ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లో కాగితం రాసివ్వు. కొత్తగా చేరేవాళ్లందరికీ నేను చెప్పేది, ఒరిజినల్ లైసెన్స్, ఖాళీ చెక్కు, ఏటీఎం కార్డు ఎవరికీ అప్పగించవద్దు.

జీతం గురించి. వానాకాలంలో గోదావరి రీచ్‌లు ఆగుతాయని ఓనర్‌కు ముందే తెలుసు, తెలిసే గ్యారంటీ అని రాశాడు. ఆ ప్రకటన ఫొటో, నీతో చేసిన చాటింగ్, బ్యాంకులో పడిన ఎంట్రీలు మూడూ జాగ్రత్త చేసుకో, ఇవే నీకు ఆధారం. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి, మానేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. డ్యామేజి కింద కోయాలంటే నీ వైపు మాట వినకుండా కోయడానికి లేదు, అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. కార్మిక శాఖ ఆఫీసులో తేదీలతో సహా ఫిర్యాదు ఇవ్వు. నోటిమాటగా చెప్పి రావద్దు, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకో.

నువ్వు అడగలేదు గానీ టిప్పర్లలో టన్నుకు ఇంత ఇన్సెంటివ్ అని ఆశ పెడతారు, దాని గురించి కూడా చెప్పాలి. ఓవర్‌లోడ్ పట్టుబడితే 20,000 జరిమానా, పైన ప్రతి టన్నుకు 2,000. ఆ చలానా ఎవరు కడతారో చేరేముందే తేల్చుకోవాలి, లేకపోతే నెల ఇన్సెంటివ్ మొత్తం ఒక్క చెక్‌పోస్ట్ దగ్గర పోతుంది.

ప్రశ్న: నాకు రెండు లారీలున్నాయి, బొగ్గు, బూడిద తోలుతాను. డ్రైవర్లు దొరకడం లేదు. నిజం రాస్తే ఒక్క ఫోన్ రాదు, పక్కవాళ్లు 50 వేలని రాస్తే క్యూ కడుతున్నారు. నేనేం చేయాలి? (గోదావరిఖని)

జవాబు: మీ కష్టం నాకు అర్థమైంది. అయితే ఆ క్యూ కట్టినవాళ్లు రెండో నెలకు ఉంటున్నారా అన్నది ఒకసారి కనుక్కోండి. పెద్ద అంకె చూసి వచ్చిన డ్రైవర్ మొదటి జీతం పడ్డ రోజే ఇంకో నంబర్‌కు ఫోన్ చేస్తాడు, బండి యార్డులో నిలబడితే ఆ నెల కిస్తీ మీదే. అబద్ధపు ప్రకటనకు అయ్యే ఖర్చు అక్కడ తేలుతుంది.

చిన్న అంకె రాయమని నేను అనను, అన్ని అంకెలూ రాయండి. ఇట్లా: ‘జీతం 18,000. ట్రిప్పుకు 300. పోయిన మూడు నెలల్లో మా డ్రైవర్‌కు పడినవి 38, 44, 29 ట్రిప్పులు. బత్తా వేరే. ఆరు గంటలు దాటి నిలబడితే హాల్టింగ్ 400. డీజిల్ కోత లేదు. నెలకు నాలుగు సెలవులు. జీతం 5వ తేదీన బ్యాంకులో. ఇప్పుడున్న డ్రైవర్‌తో మాట్లాడొచ్చు.’ అంకెలు మీవి వేసుకోండి, ఇవి నమూనాకే. 29 ట్రిప్పుల నెలను దాచొద్దు. అడ్డా మీద పదేళ్లు నడిపిన డ్రైవర్ ముందు ఆ అంకెనే చూస్తాడు, అది చూశాకే మిగతావి నమ్ముతాడు.

డీజిల్ కోత తీసేయడం భయమైతే యావరేజ్‌ను మీ బండి మీదే, మీరు పక్కన కూర్చుని, లోడుతో రెండు ట్రిప్పులు కొలిచి పెట్టండి, కంపెనీ కాగితంలో రాసింది చూసి పెట్టొద్దు. లోడింగ్ బంకర్ దగ్గర లైన్లో ఇంజన్ ఆన్‌లో ఉన్న గంటలు కూడా అందులో కలపాలి.